క్షతగాత్రుల బండి ఎవరి అధీనంలో ఉండాలి?

పంతొమ్మిదో శతాబ్దపు యుద్ధాల్లో గాయపడిన సైనికుడి ప్రాణం శస్త్రవైద్యుడి నేర్పు మీద ఎంత ఆధారపడిందో, అతన్ని వైద్యుడి దగ్గరకు చేర్చే బండి ఎవరి మాట వింటుందన్న దాని మీదా అంతే ఆధారపడింది. పోరు సాగుతుండగానే క్షతగాత్రులను తేలికపాటి గుర్రపు బండ్లలో తరలించే ఏర్పాటును ఫ్రెంచి శస్త్రవైద్యుడు డొమినిక్ లారే 1790లలోనే చేశాడు. హోదా చూడకుండా, గాయం తీవ్రతను బట్టి ముందు ఎవరికి చికిత్స చేయాలో నిర్ణయించాడు. అయినా 1861లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు అమెరికా ఉత్తరాది సైన్యానికి అలాంటి వ్యవస్థ లేనేలేదు.

అక్కడ ఆంబులెన్సు బండ్లు వైద్యుల చేతిలో కాక, సైన్యానికి సరుకులూ గుర్రాలూ సమకూర్చే క్వార్టర్‌మాస్టర్ శాఖ చేతిలో ఉండేవి. వాటిని తోలేవారిలో చాలామంది కూలికి కుదిరినవారు కావడంతో, తుపాకులు పేలగానే బండితో సహా పారిపోయేవారు. రెండు చక్రాల బండ్లయితే ఎంతగా కుదిపేవంటే, ఎముకలు విరిగినవారు తమను దించేయమని ప్రాధేయపడేవారు. మెత్తటి సీసంతో చేసిన మినియే తూటా ఎముకను ముక్కలుముక్కలు చేసేది కాబట్టి కాలో చేయో తీసివేయక తప్పేది కాదు. ఆ శస్త్రచికిత్స తొలి 48 గంటల్లో జరిగితేనే బతికే అవకాశం మెరుగని ఆనాటి వైద్యులు అనుభవంతో తెలుసుకున్నారు. అందువల్ల బండి రాకపోవడమంటే చాలామందికి మరణమే.

ఉత్తరాది సైన్యాల్లో ఒకటైన పోటోమాక్ సైన్యానికి వైద్యాధిపతిగా వచ్చిన జోనథన్ లెటర్‌మన్ ఈ చిక్కుముడిని అసలు చోట పట్టుకున్నాడు. 1862 ఆగస్టు 2న వెలువడిన ఉత్తర్వుతో ఆంబులెన్సులన్నీ వైద్యాధికారుల పర్యవేక్షణలో పనిచేసే ప్రత్యేక దళం కిందికి వచ్చాయి. ఆ దళానికి సొంత అధికారులు, సాధన చేసిన స్ట్రెచర్ మోతగాళ్లు, టోపీ చుట్టూ రెండంగుళాల ఆకుపచ్చ పట్టీ ఏర్పడ్డాయి. గాయపడిన మిత్రుణ్ణి మోసే నెపంతో యుద్ధశ్రేణిని విడిచి వెళ్లడానికి ఇతరులకు వీలు లేకుండా పోయింది. క్షతగాత్రుడికి పోరు అంచునే కట్టు కట్టి, అక్కణ్ణుంచి ధాన్యపు కొట్టాల్లోనో ఇళ్లలోనో నెలకొల్పిన ఫీల్డ్ ఆస్పత్రికి, తర్వాత పట్టణపు పెద్దాస్పత్రికి చేర్చే వరస స్థిరపడింది.

ఆ నెలాఖరున జరిగిన రెండో బుల్ రన్ యుద్ధంలో, ఈ ఉత్తర్వు వర్తించని మరో ఉత్తరాది సైన్యపు క్షతగాత్రులు రోజుల తరబడి నేలమీదే పడి ఉన్నారు. సెప్టెంబరు 17న ఆంటీటమ్‌లో ఒక్కరోజే ఉభయపక్షాలకూ కలిపి దాదాపు 23 వేలమంది చనిపోవడమో, గాయపడటమో, గల్లంతవడమో జరిగినా, ఉత్తరాది అధీనంలో ఉన్న మేరకు గాయపడినవారి తరలింపు చాలావరకు మరునాటికే పూర్తయింది. కొత్తగా చేరిన దళాల్లో పద్ధతి ఇంకా కుదురుకోలేదన్నదీ, మొనోకసీ నదిపై రైలు వంతెన కూలి ఉండటంతో మందులు ఆలస్యమయ్యాయన్నదీ నిజమే. అయినా మూడు వారాల తేడాతో కనిపించిన ఈ మార్పుకు కారణం కొత్త మందు కాదు, కొత్త శస్త్రచికిత్సా కాదు. బండ్ల మీద అధికారం చేతులు మారడమే.

ఇంత రుజువైనా ఆ ఏర్పాటు అన్ని దళాలకూ వెంటనే అందకపోవడం క్షమించరానిది. 1863 మార్చిలో కెల్లీస్ ఫోర్డ్ వద్ద గాయపడిన లెఫ్టినెంట్ నథానియల్ బౌడిచ్‌కు సకాలంలో ఆంబులెన్సు దొరకలేదు, అతడు మరణించాడు. అతని తండ్రి హెన్రీ బౌడిచ్ బోస్టన్‌లో పేరున్న వైద్యుడు. పుత్రశోకంలోనే ఆయన ఒక చిన్న పుస్తకం రాసి, ఆంబులెన్సు దళం కోసం వాదించాడు. 1864 మార్చి 11న అమెరికా కాంగ్రెసు చేసిన చట్టంతో ఉత్తరాది సైన్యాలన్నిటికీ ఆ దళం ఏర్పడింది.