అమ్మ పుట్టింటి పేరు రాసిన పుస్తకాలు

మీ వంశంలో ఎవరైనా 1855లో స్కాట్లాండులో పెళ్లి చేసుకుని ఉంటే, వెతికేవాళ్ల పంట పండినట్టే. ఆ ఏడు జనవరి 1 నుంచి అక్కడ జనన మరణాలు, పెళ్లిళ్లు ప్రభుత్వ రిజిస్టరుకు ఎక్కడం తప్పనిసరి అయింది. మొదటి ఏడాది ఫారంలో అడగని సంగతి లేదు. వధూవరుల వయసు, చేసే పని, ప్రస్తుతం ఉంటున్న చోటు, అసలు నివాసం, ఇద్దరూ చుట్టాలైతే ఏ వరస, ఇది ఎన్నో పెళ్లి, ముందు పెళ్లిలో పిల్లలెందరు, వాళ్లలో బతికున్నదెందరు, తాము పుట్టిందెక్కడ, ఆ పుట్టుక ఏ పుస్తకంలో నమోదైంది, ఇరువైపుల తల్లిదండ్రులెవరు. ఇదంతా ఒక్కో పెళ్లికి రాయాలంటే ఎంత పని! అందుకే 1856 నుంచి చాలా గళ్లు తీసేశారు.

ఉద్యోగమంతా కర్నూలు జిల్లాలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లోనే గడిపినవాణ్ణి కాబట్టి ఆ గుమాస్తాల కష్టం నాకు తెలుసు. మా అమ్మాయి ఎడిన్‌బరోలో స్థిరపడింది. అల్లుడు అక్కడివాడే. మా వంశంలో ఏడు తరాల పేర్లు మా నాన్న నాకు అప్పగించాడు, నేను మనవడికి అప్పగించాను. వాడి నాన్న వైపు మాత్రం ముత్తాత దగ్గరే తెగిపోయింది. అటువైపు వెతకడం నేను తలకెత్తుకున్నాను. వెతికేకొద్దీ ఒక సంగతి మనసులో మెదులుతూనే ఉంది. నేను గడగడా అప్పగించే ఏడు తరాలూ మగవాళ్లవే. వాళ్ల భార్యలు ఏ ఇంటి ఆడపడుచులో మూడో తరం దాటితే మా ఇంట్లో చెప్పగలిగినవాళ్లు లేరు. స్కాట్లాండ్ పుస్తకాలు ఆ ఆడవాళ్లను వదిలిపెట్టలేదు.

ఎడిన్‌బరోలో ప్రిన్సెస్ స్ట్రీట్ తూర్పు కొసన రాబర్ట్ ఆడమ్ నమూనా గీసిన జనరల్ రిజిస్టర్ హౌస్ ఉంది. దాని పక్కనే న్యూ రిజిస్టర్ హౌస్. అక్కడి గుమ్మటం కింద అంతస్తులు అంతస్తులుగా ఇనుప అరలు, వాటి నిండా రిజిస్టర్లు. పుట్టుకలకు ఎర్ర అట్టలు, చావులకు నల్లవి, పెళ్లిళ్లకు ఆకుపచ్చవి. ఇప్పుడు ఆ పేజీలన్నీ కంప్యూటరు తెర మీదే చూసుకోవచ్చు. అయినా ఒకసారి ఆ ఆకుపచ్చ వరసల కింద నిలబడి తలెత్తి చూడమని వెళ్లేవాళ్లందరికీ చెబుతుంటాను.

డండీ నగరంలో 1870ల నాటి ఒక పెళ్లి నమోదు చూపిస్తాను. వరుడు, వధువు ఇద్దరూ జనపనార మిల్లు కూలీలు. వరుడు సంతకం పెట్టాడు. వధువు గీసిన ఇంటూ గుర్తుకు అటూ ఇటూ ఆమె పేరు గుమాస్తా రాశాడు. తల్లిదండ్రుల గడిలో ముందు తండ్రి పేరు, వృత్తి. దాని కింద తల్లి పేరు, ఆ పేరు వెనక ‘ఎం.ఎస్.’ (మెయిడెన్ సర్‌నేమ్) అనే రెండు పొడి అక్షరాలు, ఆ తర్వాత ఆమె పుట్టింటి ఇంటిపేరు. తండ్రి పేరు పక్కన బ్రాకెట్లో ‘మరణించెను’ అని ఉంది, తల్లి పక్కన లేదు. అంటే ఈ తేదీకి తండ్రి పోయాడు, తల్లి ఉంది. ఆయన కోసం ఇంతకు ముందరి నల్ల అట్టల పుస్తకాల్లో, ఆమె కోసం ఆ తర్వాతివాటిలో వెతకాలి. ఒక్క వరుసలో నాలుగు ఇంటిపేర్లు, రెండు తరాలు. పొరుగున ఇంగ్లండులో పెళ్లి రిజిస్టరులో తల్లి పేరుకు చోటు దొరకడానికి 2021 మే దాకా ఆగాల్సి వచ్చింది.

1855కు వెనక్కి వెళితే దారి ఇంత సాఫీగా ఉండదు. అక్కడి నుంచి చర్చి పుస్తకాలే దిక్కు. పారిష్‌లు, అంటే ఒక్కో చర్చి పరిధులు, దాదాపు తొమ్మిది వందలు. ఎర్రల్ అనే ఊరి పుస్తకం 1553లో మొదలవుతుంది, అన్నిటికంటే పాతది అదే. ఉత్తరాన కొండసీమల్లో చాలాచోట్ల రాత బాగా ఆలస్యంగా మొదలైంది. రాసేది సెషన్ క్లర్కు, అంటే చర్చి పెద్దల సభ గుమాస్తా. చాలాచోట్ల ఊరి బడిపంతులే ఆ పని చేసేవాడు. ఆయన రాసింది పెళ్లి తేదీ అనుకుంటే పొరపాటు. ఫలానావాళ్లు పెళ్లి చేసుకోబోతున్నారు, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అని చర్చిలో మూడు ఆదివారాలు చదివేవారు. రుసుము ఎక్కువ ఇస్తే మూడుసార్లూ ఒక్క ఆదివారమే చదివేవారు. పుస్తకానికెక్కింది చాలావరకు ఈ ప్రకటనే. వధూవరుల పారిష్‌లు వేరైతే రెండు పుస్తకాల్లోనూ రాసేవారు, రెండు తేదీలతో. కొన్నిచోట్ల పెళ్లి తప్పక చేసుకుంటామని జంట కట్టిన ధరావతు లెక్క తప్ప మరో ఆధారం ఉండదు. దస్తావేజు చదివే ముందు అది ఎవరు, దేనికోసం రాసుకున్నారో చూసుకోమని మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు చెప్పేవాణ్ణి. ఈ పుస్తకాల దగ్గర ఆ మాట ఇంకా ముఖ్యం.

పైగా ఈ పాత రాతల్లో వధూవరుల తల్లిదండ్రుల ఊసు తక్కువ. పిల్లల బాప్టిజం నమోదుల్లో మాత్రం తల్లి తన పుట్టింటి ఇంటిపేరుతోనే కనిపిస్తుంది. ఆ పేరు పట్టుకుని పెళ్లి దగ్గరికి వెనక్కి నడవాలి.

1783లో లండన్ ప్రభుత్వం ఒక్కో నమోదుకు మూడు పెన్నీల పన్ను వేసింది. బీదవాళ్లకు మినహాయింపు ఇచ్చినా జనం పుస్తకం వైపు వెళ్లడం మానుకున్నారు. 1794లో పన్ను ఎత్తేశారు. ఆ పదకొండేళ్లలో మీ మనిషి పెళ్లి కనబడకపోతే పెళ్లే జరగలేదనుకోకండి.

అసలు ఆ రోజుల్లో అక్కడ పెళ్లికి పుస్తకమే అక్కర్లేకపోయేది. మగపిల్లవాడికి 14, ఆడపిల్లకు 12 ఏళ్లు నిండి, మేము భార్యాభర్తలమని ఇద్దరూ ఇష్టపడి ఒప్పుకుంటే చట్టం దృష్టిలో పెళ్లయినట్టే. పాస్టరు అవసరం ఉండేది కాదు, పెద్దల అనుమతీ అవసరం ఉండేది కాదు. ఇంగ్లండులో 21 ఏళ్ల లోపువాళ్లకు తల్లిదండ్రుల అంగీకారం కావాలనే చట్టం 1754లో అమలుకు రాగానే అక్కడి ప్రేమికులు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్ చేరడం మొదలుపెట్టారు. ఆ ఊరి కమ్మరి దాగలి ముందు జరిగిన పెళ్లిళ్ల కథలు లోకమంతా పాకాయి. కానీ ఆ రికార్డులు పెళ్లిళ్లు చేయించినవాళ్ల సొంత ఆస్తి. కొన్ని మాత్రమే మిగిలాయి. జంటలో ఒకరైనా 21 రోజులు స్కాట్లాండులో ఉండి ఉండాలని 1856లో చట్టం చేశాక ఆ తాకిడి తగ్గింది. సాక్షుల ముందు మాట చెప్పుకుని చేసుకునే పెళ్లి 1940 దాకా చెల్లింది. గ్లాస్గో వంటి నగరాల్లో అలా పెళ్లాడినవాళ్లు షెరీఫ్ (అక్కడి జడ్జి) వారెంటు తీసుకుని రిజిస్టరుకు ఎక్కించుకునేవారు. మతం ఏదని ఉండాల్సిన గడిలో వారెంటు మాట కనిపిస్తే సంగతి ఇదన్నమాట.

దేశం దాటిన స్కాట్లాండువాళ్ల పెళ్లిళ్లు మరో చిక్కు. మన ఊళ్ల కైఫీయత్తులు రాయించిన కాలిన్ మెకంజీ లూయిస్ దీవిలోని స్టోర్నోవే మనిషి. ఆయన పెళ్లి అక్కడి పుస్తకాల్లో వెతికితే దొరకదు, 1812లో జావాలో జరిగింది. దత్తమండలాల కలెక్టరుగా చేసిన గ్లాస్గోవాడు థామస్ మన్రో మాత్రం సెలవు మీద వెళ్లి 1814లో ఎయిర్‌షైర్ ఆడపిల్ల జేన్ క్యాంప్‌బెల్‌ను పెళ్లాడి తిరిగొచ్చాడు. 1827లో మా జిల్లా పత్తికొండలోనే కలరాతో పోయాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన తెల్లవాళ్ల పెళ్లిళ్ల రిజిస్టర్ల నకళ్లు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

పెళ్లి ఎక్కడా కనిపించనప్పుడు నేను నమ్ముకునేది కర్క్ సెషన్ మినిట్స్. పాస్టరు, పెద్దలు కూర్చుని ఊళ్లోవాళ్ల నడవడి విచారించిన పంచాయతీ పుస్తకాలవి. చర్చికి చెప్పకుండా పెళ్లాడిన జంటను పిలిపించేవారు. పెళ్లి చేయించిన మనిషి ఇచ్చిన కాగితం చూపమనేవారు. మందలించి, బీదల నిధికి జరిమానా కట్టించి, మీరు భార్యాభర్తలేనని రాసుకునేవారు. మా అల్లుడి పూర్వీకుల జంట ఒకటి దొరికింది ఇక్కడే. ఫైఫ్ ప్రాంతం, పన్ను నడిచిన కాలం. పెళ్లి పుస్తకంలో వాళ్లు లేరు. మినిట్స్‌లో ఉన్నారు. భర్త జరిమానా కట్టాడు. భార్య తన పుట్టింటి పేరుతోనే నిలబడింది, పక్క పారిష్‌లో నేతపని చేసే ఫలానా ఆయన కూతురని కూడా రాశారు. ఆ పక్క పారిష్‌లో 1760ల నాటి బాప్టిజం పేజీలు చూడడం మొదలుపెట్టాను. చేతిరాత కష్టంగా ఉంది కానీ, నేతగాళ్ల పేర్లు ఒక్కొక్కటీ విడివడుతున్నాయి.