రాజుల్లేని ఊళ్లో రాజు పాత్ర

పరిషత్తు నాటకాల్లో నటుడిగా, జుట్టు నెరిశాక న్యాయనిర్ణేతగా తిరిగినవాణ్ణి. గ్రీకు నాటకం మీద ఏ పుస్తకం దొరికినా ముందు బహుమతుల సంగతే వెతుకుతాను. సోఫొక్లీస్ రాసిన ‘ఈడిపస్ రాజు’కు మొదటి బహుమతి రాలేదట. గెలిచినవాడు ఫిలోక్లీస్, ముందుతరం నాటకకర్త ఈస్కిలస్‌కు మేనల్లుడు. అతని నాటకం ఒక్కటీ ఇవాళ మిగల్లేదు. ఓడిన నాటకాన్నేమో, దాదాపు నూరేళ్ల తర్వాత అరిస్టాటిల్ విషాద నాయకుడు ఎలా ఉండాలో చెప్పడానికి మాటిమాటికీ ఉదాహరించాడు.

ఆ నిర్ణేతల్ని నేను తిట్టను. వాళ్ల బాధ నాకు తెలుసు. ఏథెన్సులో ఏటా వసంతంలో డయొనైసస్ దేవుడి ఉత్సవం జరిగేది. ముగ్గురు కవులు పోటీపడేవారు. ఒక్కొక్కరివి మూడు విషాద నాటకాలు, ఆ వెంటనే ఒక వేళాకోళపు నాటకం. వేదిక అక్రోపొలిస్ కొండ దక్షిణపు వాలులో ఉండేది. ఇప్పుడు యాత్రికులు ఫొటోలు తీసుకునే రాతి మెట్లు తర్వాతి శతాబ్దంలో కట్టినవి. సోఫొక్లీస్ నాటి జనం కూర్చున్నది చెక్క బల్లల మీద, పట్టపగటి వెలుగులో. కోరస్ అనే పాటల బృందం తర్ఫీదు ఖర్చూ దుస్తుల ఖర్చూ ఊళ్లో డబ్బున్న ఆసామి నెత్తిన వేసేవారు. క్రీ.పూ. 472లో ఈస్కిలస్ ‘పర్షియన్లు’ నాటకానికి ఆ ఖర్చు పెట్టుకున్నది తర్వాత ఏథెన్సు నాయకుడైన పెరిక్లీస్. అప్పటికింకా కుర్రవాడే.

నిర్ణేతలు పదిమంది. పది తెగల నుంచి చీటీ తీసి ఎంచేవారు. క్రీ.పూ. 468లో మాత్రం జనం రెండు వర్గాలై గోలచేస్తుంటే, అధికారి చీటీలు పక్కనపెట్టి, సేనాని కిమోన్‌నూ తోటి సేనానుల్నీ తీర్పు చెప్పమన్నాడని ప్లూటార్క్ రాశాడు. వాళ్లు పెద్దాయన ఈస్కిలస్‌ను కాదని కొత్తవాడు సోఫొక్లీస్‌కు బహుమతి ఇచ్చారు. ఆ కిమోన్‌నే ఏడేళ్లు తిరక్కుండా ఏథెన్సు ఊరవతలికి గెంటేసింది.

నా దృష్టిలో విషాద నాయకుడి పుట్టుక రహస్యం ఇక్కడే ఉంది. చెక్క బల్లల మీద కూర్చున్న ఆ జనానికి రాజు లేడు. నిరంకుశుల్ని క్రీ.పూ. 510లో తరిమేసి, తమను తామే పాలించుకుంటున్నారు. అయినా వేదిక మీదికొచ్చేది ఎప్పుడూ రాజులూ వీరులే. వాళ్ల ఎదుట నేల మీద కోరస్, అంటే మామూలు జనం. మొదట పన్నెండుమంది, సోఫొక్లీస్ వచ్చాక పదిహేను. ఒకవైపు ఒకే ఒక్క మహానుభావుడు, మరోవైపు అతన్ని చూసి భయపడుతూ, అతని మీదే ఆధారపడే గుంపు. ఏథెన్సు రాజకీయమంతా ఇదే.

గొప్పవాణ్ణి వదిలించుకోవడానికి ఆ ఊళ్లో ఒక పద్ధతుండేది. ఏడాదికోసారి, జనం కావాలంటే, వెలివేత ఓటు పెట్టేవారు. పగిలిన కుండపెంకు మీద మేకుతోనో మరో మొనతోనో ఒక పేరు గీకి వేయడమే. 6,000 పెంకులు పడితే, ఎక్కువ ఓట్లు వచ్చినవాడు పదేళ్లు ఊరొదిలి పోవాలి. నేరారోపణ లేదు, విచారణ లేదు, ఆస్తి జప్తూ లేదు. మరీ పెద్దవాడైపోయాడు, అంతే. సలామిస్ దగ్గర పర్షియా నౌకాదళాన్ని మట్టికరిపించిన థెమిస్టోక్లీస్‌ను ఇలాగే పంపారు. చివరికతను పర్షియా చక్రవర్తి పంచనే చేరి అక్కడే పోయాడు.

1937లో అక్రోపొలిస్ ఉత్తరపు వాలులో ఒక పాత బావి తవ్వితే దాదాపు 190 పెంకులు బయటపడ్డాయి. అన్నిటి మీదా థెమిస్టోక్లీస్ పేరే. చేతిరాతలు పోల్చి చూస్తే రాసినవాళ్లు పద్నాలుగుమందే! పేరు ముందే గీకిపెట్టి, వచ్చినవాడి చేతిలో పెట్టడానికి ఎవరో చేసిన ఏర్పాటన్నమాట. ఎన్నికల వేళ మనకిది వింతగా ఏమీ అనిపించదు.

అలాంటి ఊళ్లో ఈడిపస్ కథ ఆడారు. క్రీ.పూ. 430లో ఏథెన్సును తుడిచిపెట్టిన మహమ్మారి తర్వాతే ఈ నాటకం వచ్చిందని చాలామంది పండితుల అంచనా. ఆ రోగానికే పెరిక్లీస్ కూడా బలయ్యాడు. నాటకం మొదలయ్యేదీ మహమ్మారితోనే. థీబ్స్ జనం రాజభవనం ముందు చేరి కాపాడమని వేడుకుంటారు. ఈడిపస్ బయటికొచ్చి వాళ్లను బిడ్డల్లారా అని పిలుస్తాడు. మీరు అడగకముందే దేవవాక్కు కోసం డెల్ఫీకి మనిషిని పంపానంటాడు. అంతటి పాలకుడు! పాత రాజు హంతకుడే ఈ రోగానికి కారణమని దేవవాక్కు వస్తే, ఆ చంపినవాణ్ణి ఊరి నుంచి తరిమేయాలని, ఎవరూ ఆశ్రయం ఇవ్వకూడదని చాటిస్తాడు. ఆ రాజే తన తండ్రనీ, చంపింది తానేననీ తేలాక, కళ్లు పొడుచుకుని వచ్చి, నన్ను వెలివేయమని తనే బతిమాలతాడు. అదైనా దక్కదు. దేవుణ్ణి అడిగి చెబుతానని బావమరిది క్రియోన్ అతన్ని లోపలికి పంపేస్తాడు.

కాలేజీ నోట్సుల్లో ఈడిపస్ పతనానికి కారణం అహంకారమని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకది అస్సలు ఒప్పుదల కాదు. కోపిష్టే, రుజువు లేకుండా క్రియోన్‌ను ద్రోహి అని చావే శిక్ష అంటాడు. కానీ తండ్రిని చంపిందీ, తల్లిని పెళ్లాడిందీ ఆ కోపాలన్నిటికీ ఏళ్ల ముందు, తెలియక. అతన్ని పట్టించింది అహంకారం కాదు, ఊరి కోసం నిజం తవ్వి తీయాలన్న పట్టుదల. ఏ గుణానికి జనం నెత్తిన పెట్టుకున్నారో, ఆ గుణమే అతన్ని ఊరికి పనికిరానివాణ్ణి చేసింది. పెంకు మీద పేరు గీకిన చేతులకు ఈ సంగతి బాగా తెలుసు.

మరో మాట. నటుడి ముఖం కనిపించేది కాదు. గుడ్డతో చేసి గట్టిపరిచిన మాస్కు తల మొత్తాన్నీ కప్పేది. ఒక్క మాస్కూ మనదాకా నిలవలేదు. కళ్లు పొడుచుకోవడం వేదిక మీద చూపరు. లోపల జరిగిందాన్ని దూత వచ్చి వర్ణిస్తాడు. రక్తం, కన్నీళ్లు, కనుబొమల విరుపు ఏవీ ఆసరాకు రావు. గొంతూ నిలబడే తీరే దిక్కు.

మన నాటక సమాజాలు ఏవైనా ‘ఈడిపస్’ తలపెడితే ఆ పాత్రధారికి ఒకటే చెబుతాను: మొదటి దృశ్యంలో అరవకండి. మీ కోసం ఊరంతా ఏడ్చేలా అంత మంచి రాజుగా కనిపించండి, తర్వాత పని నాటకమే చూసుకుంటుంది. నేను నిర్ణేతగా కూర్చుంటే మార్కులు అక్కడే వేస్తాను.