మట్టికట్టకు పరీక్షే బలం

నెల్లూరు: రోడ్డుకైనా, రైలుమార్గానికైనా, చెరువుకైనా ఆధారం మట్టికట్టే. 2021 నవంబరు వరదలు ఈ విషయాన్ని తీరప్రాంత వాసులకు మరోమారు గుర్తుచేశాయి. ఆ నెల 19న ఎగువన చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట, వరద పైనుంచి పొర్లడంతో కొట్టుకుపోయింది. మరో రెండు రోజుల్లోనే పెన్నా ఉద్ధృతికి పడుగుపాడు వద్ద రైలుకట్ట కోతకు గురై, రాకపోకలు స్తంభించాయి.

తేమే కీలకం

కట్ట బలానికి మట్టి ఎంత పోశారన్నది కాదు, ఎంత తేమతో కుదించారన్నది ముఖ్యం. అమెరికా ఇంజినీరు ప్రోక్టర్ 1933లో దీనికి పరీక్షా విధానాన్ని రూపొందించారు. తేమ తక్కువైతే మట్టిగడ్డల మధ్య ఖాళీలు మిగులుతాయి. ఎక్కువైతే ఆ చోటును నీరే ఆక్రమిస్తుంది. జాతీయ రహదారుల కట్టల్లో ప్రతి పొరకు ప్రయోగశాలలో తేలిన గరిష్ఠ సాంద్రతలో కనీసం 95 శాతం, రోడ్డు కిందనున్న పైపొరల్లో 97 శాతం రావాలన్నది నిబంధన. ఒక పొర పరీక్షలో నెగ్గాకే మరో పొర వేయాలి.

నేలను బట్టి వైద్యం

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. అటువంటి నేలల్లో కాలువ లైనింగు నిలిచేందుకు, ఉబ్బని బంకమట్టిని మధ్యపొరగా వేసే పద్ధతిని బొంబాయి ఐఐటీ ఆచార్యులు ఆర్.కె. కట్టి అభివృద్ధి చేశారు. ఉప్పుటేర్ల వెంబడి ఉండే మెత్తని బంకమట్టిది మరో సమస్య. బరువు పడితే అందులోని నీరు ఏళ్ల తరబడి నెమ్మదిగా వెలికివస్తూ, కట్ట కుంగుతుంది. నేలలోకి నిలువు డ్రెయిన్లు దింపి, ముందుగానే మట్టిబరువు మోపితే ఆ కుంగుబాటు నెలల్లోనే పూర్తవుతుంది. థర్మల్ కేంద్రాల బూడిదనూ రోడ్డుకట్టల్లో వాడవచ్చు. అయితే వాన కోతకు గురికాకుండా పక్కలను మంచి మట్టితో కప్పాలి.

నీటికి దారి

ఎంత బాగా కుదించినా, పైనుంచి వరద పొర్లితే మట్టికట్ట నిలవదు. అందుకే తూములు, కలుజులు, వంతెనల ఖానాలు వరదకు సరిపడా ఉండాలి. కట్ట దిగువన ఊరే నీరు తేటగా ఉన్నా కనిపెట్టి ఉండాలి. అది బురదగా మారితే లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్లే. బుంగ గండిగా మారకముందే అధికారులకు తెలియజేయడం గ్రామస్థులకు శ్రేయస్కరం.