తేలిన ముక్క వెనక్కి దారి చెబుతుందా?

తాంబరం నుంచి 2016 జులై 22న పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరి మాయమైన ఏఎన్-32 విమానం మన సంఘంలో చాలామందికి గుర్తే. అందులో 29 మంది. వారిలో ఎనిమిది మంది విశాఖలోని నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. వారాల తరబడి గాలించినా దాని ముక్క ఒక్కటీ నీటి మీద కనబడలేదు. "ఏదో ఒకటి తేలాలి కదా" అని చెన్నైలో మనమంతా అనుకున్నాం. తేలినా పని సులువు కాదని తర్వాత చదివితే అర్థమైంది.

2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం 228 మందితో అట్లాంటిక్‌లో కూలింది. శవాలు, శకలాలు ఐదు రోజులకు దొరికాయి. నిపుణులు గాలిని, నీటి ప్రవాహాన్ని లెక్కగట్టి, అవి కొట్టుకొచ్చిన దారిలో వెనక్కి వెళ్లారు. విమానం చివరి స్థానానికి వాయవ్యంగా వెతకమంది ఆ లెక్క. 2010లో అక్కడ వెతికితే ఏమీ దొరకలేదు. 2011 ఏప్రిల్‌లో అసలు శిథిలాలు కనిపించింది ఆ చివరి స్థానానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, ఉత్తర ఈశాన్యంగా! భూమధ్యరేఖ దగ్గరి ప్రవాహాలు అంత తికమక పెడతాయి. ఐదు రోజుల దారే అలా తప్పితే, ఏడాది దాటాక దొరికే ముక్క మాటేమిటి?

మలేసియా ఎంహెచ్370 విషయంలో అదే జరిగింది. 2014 మార్చి 8న 239 మందితో పోయింది. రెక్క వెనుక అంచులో ఉండే ఫ్లాపెరాన్ ఒకటి 2015 జులై 29న రీయూనియన్ దీవి ఒడ్డున దొరికింది. ఒడ్డుకు వచ్చిన ముక్కకు ప్రవాహమే దిక్కు అనుకుంటాం గానీ, నీటిపై ఎంత భాగం తేలితే గాలి అంత నెడుతుంది. అది కూడా తిన్నగా నెట్టదు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు మొదట నమూనాలు చేసి తేల్చారు. తర్వాత అసలైన 777 ఫ్లాపెరాన్ తెచ్చి, దొరికినదాని ఆకారానికి కోసి, టాస్మానియా దగ్గర సముద్రంలో వదిలారు. అది గాలి దిశకు సుమారు 20 డిగ్రీలు ఎడమగా, నమూనాల కంటే వేగంగా పోయింది. నమూనాలతోనే ఆగి ఉంటే ఈ సంగతి తెలిసేది కాదు. దాన్ని కలిపి లెక్కిస్తే 35 డిగ్రీల దక్షిణ అక్షాంశం చుట్టుపక్కల అని వచ్చింది. 2018లో అక్కడా వెతికారు, దొరకలేదు.

ఇక మన ఏఎన్-32. ముక్క తేలలేదు కాబట్టి వెనక్కి లెక్కగట్టే అవకాశమే రాలేదు. 2024 జనవరిలో మన పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి మానవరహిత జలాంతర్గామి తీసిన చిత్రాల్లో, 3,400 మీటర్ల లోతున దాని శకలాలు కనిపించాయని వైమానిక దళం పరిశీలించి ప్రకటించింది. అప్పటికి విశాఖలోని ఆ ఎనిమిది ఇళ్లు ఏడున్నరేళ్లుగా ఎదురుచూస్తున్నాయి.