విద్యుత్ లైన్ల సమీపంలో పనులు: భద్రతా నిబంధనల మినహాయింపులు ఎవరికి, ఎంతవరకు

విద్యుత్ చట్టం, 2003లోని 53వ సెక్షన్ ననుసరించి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలను రూపొందిస్తుంది. 1956 నాటి భారతీయ విద్యుత్ నియమాల స్థానంలో 2010లోను, వాటి స్థానంలో 2023లోను కొత్త నిబంధనలు వెలువడినప్పటికీ, మినహాయింపుల ప్రధాన స్వరూపం మారలేదు.

భవనానికి, 11 కె.వి. లైనుకు మధ్య నిలువుగా 3.7 మీటర్లు, అడ్డంగా 1.2 మీటర్లు ఖాళీ ఉండాలి. 33 కె.వి. అయితే అడ్డంగా 2 మీటర్లు అవసరం. లైను వేసిన తరువాత దాని సమీపంలో భవనం నిర్మించదలచినవారు, వారి కాంట్రాక్టరు కూడా లైను యజమానికి, విద్యుత్ ఇన్‌స్పెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఇన్‌స్పెక్టరు ధ్రువీకరించే వరకు పని మొదలుపెట్టరాదు. దీనికి మినహాయింపు ఒకటి ఉన్నది. మనుషులకు, ఆస్తికి హాని కలుగకుండా లైనుకు తగిన రక్షణ కల్పించారని సంతృప్తి చెందినపుడు, లైను మార్చకముందే పని సాగించవచ్చునని ఇన్‌స్పెక్టరు ధ్రువీకరించవచ్చును. తాత్కాలిక నిర్మాణమైతే లైను మార్చనవసరం లేదని కూడా పేర్కొనవచ్చును. ఈ అధికారం ఇన్‌స్పెక్టరుదే. లైన్‌మన్ నోటిమాటగా ఇచ్చిన అనుమతి చెల్లదు.

ఇనుప చువ్వలు, బోరు పైపులు వంటి పొడవైన సామగ్రిని కవచంలేని తీగల క్రిందుగా, నిర్ణీత దూరం కన్న దగ్గరగా తీసుకుపోవలసి వస్తే, లైను యజమాని నియమించిన వ్యక్తి ప్రత్యక్ష పర్యవేక్షణ తప్పనిసరి. అయితే తాకకపోయినా విద్యుత్తు దూకేటంత సమీపానికి వాటిని తేవడం ఎట్టి పరిస్థితులలోను నిషిద్ధం. ఇక్కడ పర్యవేక్షణ ఉన్నా సడలింపు లేదు. తీగల క్రింద గడ్డివాములు వేయడం, మంట పెట్టడం కూడా కూడదు.

ప్రవహిస్తున్న లైనుపై పనిచేయడానికి అందుకు నియమితులైన సిబ్బందికి మాత్రమే వీలున్నది. సహాయకులకు సైతం ఇదే వర్తిస్తుంది. కాంట్రాక్టు కూలీలను స్తంభాలెక్కించే సందర్భాలలో అధికారులు ముందుగా పరిశీలించవలసిన అంశమిదే.

చట్టంలోని 68వ సెక్షన్ గురించి తరచు అపోహ కలుగుతున్నది. ఒకే వినియోగదారునికి సరఫరా చేసే, 11 కె.వి.కి మించని లైనుకు ప్రభుత్వ ముందస్తు ఆమోదం అక్కరలేదు. ఈ మినహాయింపు ఆమోదానికే పరిమితం, భద్రతా దూరాలకు కాదు. పొలంలోని మోటారుకు వేసిన లైనైనా నిర్ణీత ఎత్తులో ఉండవలసిందే.

భద్రతా నిబంధనల ఉల్లంఘనకు 146వ సెక్షన్ క్రింద మూడు నెలల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. ప్రాణనష్టం జరిగినపుడు 161వ సెక్షన్ ప్రకారం ఇన్‌స్పెక్టరుకు సమాచారం పంపవలసి ఉంటుంది.