నిరీక్షణలోని భాష: రామదాసు బందిఖానా కీర్తనలు – చారిత్రక పరిశీలన

తెలుగు భక్తి సాహిత్యంలో భగవదనుగ్రహం కోసం నిరీక్షణ అనగానే మొదట స్ఫురించే పేరు కంచర్ల గోపన్న. నేలకొండపల్లిలో జన్మించి, గోలకొండ ప్రభుత్వం కింద పాల్వంచ పరగణాకు తహసీల్దారై, వసూలైన సర్కారు సొమ్మును భద్రాచల రామాలయానికి వెచ్చించి, అందుకు శిక్షగా పన్నెండేళ్లు బందిఖానాలో మగ్గాడనీ, రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు తానాషాకు చెల్లించగా విడుదలయ్యాడనీ జనశ్రుతి. ఈ కథ ముగింపు వినేవారందరికీ ముందే తెలుసు. తెలియనివాడు చెరలో కూర్చుని కీర్తనలు చెప్పిన గోపన్న ఒక్కడే. విడుదల నుంచి వెనక్కు చూస్తూ చదివితే ఆ కీర్తనలు అచంచల విశ్వాసానికి ఉదాహరణలుగా మాత్రమే మిగులుతాయి. చెరలో ఉండి మాట్లాడుతున్న మనిషి మాటలుగా చదివితే వాటిలో వేరొక స్వరం వినిపిస్తుంది.

ముందుగా కాలనిర్ణయం. అబుల్ హసన్ కుతుబ్ షా 1672లో గద్దెనెక్కాడు. మాదన్న 1674 ప్రాంతంలో ప్రధానమంత్రి అయ్యాడు. 1686లో అక్కన్న మాదన్నలు హత్యకు గురయ్యారు. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైంది. గోపన్న కొలువు మాదన్న ప్రాపకంతో వచ్చిందనీ, విడుదల చేసింది తానాషాయేననీ జనశ్రుతి చెబుతుంది. మాదన్న ప్రధాని అయ్యాకే ఆ కొలువు దక్కిందనుకుంటే మిగిలేవి పదమూడేళ్లు. నియామకం, వసూళ్లు, ఆలయ నిర్మాణం, విచారణ, ఆపై పన్నెండేళ్ల చెర ఆ వ్యవధిలో ఇమడవు. పాండవుల అరణ్యవాసం పన్నెండేళ్లు. గోదావరికి పుష్కరం వచ్చేదీ పన్నెండేళ్లకే. గోదావరి ఒడ్డున పుట్టిన కథలో ఈ సంఖ్య ఒక ఆవృత్తి పూర్తి అయిందనడానికి సంకేతమని భావించడం సమంజసం. చెర కాలం ఎంతైనా, అనుభవించినవాడికి అది ఎప్పటికి తీరుతుందో తెలియనిది.

తానాషాను మతద్వేషిగా చిత్రించే ధోరణి కూడా నిలవదు. రాజ్యభారాన్ని అక్కన్న మాదన్నలకు అప్పగించిన పాలకుడు అతడే. 1636 నాటి ఒప్పందంతో గోలకొండ మొగలులకు ఏటా రెండు లక్షల హొన్నుల పేష్కష్ చెల్లించవలసి వచ్చింది. అటువంటి రాజ్యంలో పరగణా సొమ్ము ఖజానాకు చేరకపోవడం చిన్న విషయం కాదు. జనశ్రుతి ప్రకారమే చూసినా గోపన్న మీద వచ్చిన అభియోగం లెక్కకు సంబంధించినది, మతానికి సంబంధించినది కాదు.

ఈ లెక్కే ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనకు నిర్మాణ సూత్రం. ప్రాకారానికి ఇంత, భరతుని పతకానికి ఇంత, శత్రుఘ్నుని మొలతాడుకు ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత అని గోపన్న పద్దుల వారీగా ఖర్చు చదువుతాడు. వరహా, మొహరీ అన్న రెండు నాణేల పేర్లూ పక్కపక్కనే వస్తాయి. రెవెన్యూ కచేరీలో పనిచేసినవాడి నోటికి అవి సహజం. అయితే ప్రతి పద్దూ పదివేలే కావడం గమనార్హం. ఇది ఏ జమాబందీలోనూ చెల్లే లెక్క కాదు. ఒక ప్రభువుకు లెక్క అప్పజెప్పలేక చెరలో పడినవాడు అదే కచేరీ భాషలో మరొక ప్రభువును లెక్క అడుగుతున్నాడు. ఆ సొమ్ము పెట్టింది నీ తండ్రా, నీ మామా అని ఎత్తిపొడిచి, వెంటనే దెబ్బలు తాళలేక తిట్టానని, నొచ్చుకోవద్దని వేడుకుంటాడు. నిందాస్తుతి అని వర్గీకరించి వదిలేస్తే ఈ మలుపు అర్థం కాదు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలోని నిందలో చమత్కారానిది పైచేయి. ఇక్కడ ఒళ్లు నొప్పి మాట్లాడిస్తున్నది.

సీతమ్మను మధ్యవర్తిగా వేడుకునే కీర్తనది వేరొక మార్గం. ఏకాంత వేళ భర్తకు తన మాట చెప్పమని ఆమెను కోరతాడు. ప్రభువుకు నేరుగా చెప్పుకోలేని మనవిని అంతఃపురం ద్వారా పంపడం దర్బారు రీతి. శ్రీవైష్ణవ సిద్ధాంతంలో లక్ష్మీదేవి నెరపే పురుషకారమూ ఇదే. మేనమామలని జనశ్రుతి చెప్పే అక్కన్న మాదన్నల సిఫారసు గోలకొండ దర్బారులో గోపన్నను కాపాడలేకపోయింది. ఆ నేపథ్యంలో ఈ రెండో సిఫారసుకు సిద్ధాంతాన్ని మించిన బరువు ఏర్పడుతుంది.

శరణాగతి అంగాలలో రక్షిస్తాడన్న మహావిశ్వాసం ఒకటి, దిక్కులేనితనాన్ని ఒప్పుకునే కార్పణ్యం మరొకటి. రామదాసు రచనల్లో ఈ రెంటి పాళ్లు ప్రక్రియను బట్టి మారడం ఆసక్తికరం. దాశరథీ శతకం మకుటం రాముణ్ణి దయాసముద్రుడిగా సంబోధిస్తుంది. పద్యం ఏ ఆర్తితో మొదలైనా ఉత్పలమాలలోనో చంపకమాలలోనో నడిచి ఆ కరుణ దగ్గరికే చేరాలి. కీర్తనలో మకుటం స్థానం పల్లవిది. ఇక్ష్వాకు కీర్తన పల్లవి ఇప్పటికైనా మాట్లాడమని అడుగుతుంది. ప్రతి చరణం తర్వాత ఆ అభ్యర్థనే తిరిగి వస్తుంది, అంటే జవాబు రాలేదన్నమాట. శతకంలో ఆవృత్తి విశ్వాసాన్ని స్థిరపరిస్తే, కీర్తనలో దేవుని మౌనాన్ని పొడిగిస్తుంది. అయినా సంబోధన ఆగదు. రామదాసు విశ్వాసానికి ఆధారం చూపవలసి వస్తే అది ఓర్పులో కంటే ఈ అడగడం మానకపోవడంలోనే ఎక్కువగా దొరుకుతుంది.

పైన చర్చించిన రెండు కీర్తనల్లోనూ విడుదల లేదు. అది కీర్తన సాహిత్యంలోకి వేరొకరి నిరీక్షణలో భాగంగా ప్రవేశించింది. త్యాగరాజు (1767–1847) దేవగాంధారి రాగంలో కూర్చిన ‘క్షీరసాగరశయన’లో రామదాసు చెర తీర్చిన సంగతిని తాను విన్నదిగా పేర్కొంటాడు. గోలకొండ పతనమైన నూరేళ్ల తర్వాత కావేరీ తీరంలో ఉన్న మరొక రామభక్తుడు, తననూ చింతల్లో పెట్టడం తగునా అని అడుగుతూ, రాముడి ముందు ఆ పాత విడుదలను ఉంచుతున్నాడు.