జెర్రిపోతు: పొడవు చూసి భయపడొద్దు, విషం లేదు

పొలం గట్ల మీద, గడ్డివాముల దగ్గర, ఇళ్ల వెనక పగటిపూటే తిరిగే పొడవాటి పాము జెర్రిపోతు. మామూలుగా 5 నుంచి 6 అడుగులుంటుంది, కొన్ని ఇంకా పెద్దగా పెరుగుతాయి. దీనికి విషం లేదు.

చాలామంది నాగుపామనుకుని కొట్టి చంపేస్తున్నారు. జెర్రిపోతుకు పడగ ఉండదు. మెడ సన్నగా, కళ్లు పెద్దగా ఉంటాయి. పెదవుల మీద నల్లటి నిలువు గీతలు కనిపిస్తాయి. తప్పించుకునే దారి లేకపోతే మెడ ఉబ్బించి బుసకొడుతుంది, కరుస్తుంది కూడా. ఆవు పాలు తాగుతుందని, నాగుపాముతో జతకడుతుందని చెప్పుకునేవన్నీ అపోహలే. రెండు జెర్రిపోతులు పెనవేసుకుని పైకి లేస్తుంటే, చాలాసార్లు అది రెండు మగపాముల కుస్తీ.

దీని ముఖ్యమైన తిండి ఎలుకలు. కప్పలు, తొండలు, పిట్టలనూ తింటుంది. ఎలుకలు ధాన్యం పాడుచేస్తాయి, లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు తెస్తాయి. జెర్రిపోతును చంపితే ఎలుకలకు అడ్డు తగ్గుతుంది. ఎలుకలున్న చోటికి నాగుపాములూ వస్తాయి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని చంపడం నేరం. ఇంట్లోకి వస్తే పిల్లల్ని దూరంగా ఉంచి అటవీ శాఖకు గానీ, శిక్షణ ఉన్న పాములు పట్టేవాళ్లకు గానీ ఫోన్ చేయాలి. కరిచింది ఏ పామో తెలియకపోతే తావీజులు, మంత్రాలంటూ ఆలస్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.